పట్టాకు చేసే పరీక్ష మనిషికి
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం, రైల్వే కాలనీ, బిలాస్‌పూర్)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు, విషయం మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఈ ఊళ్లో వైద్యం చేసిన ఇన్నేళ్లలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టిన జబ్బు కాలేయ క్యాన్సర్. ఇది ఎవరికి వచ్చే ముప్పు ఉందో చాలామంది విషయంలో పదేళ్లు, ఇరవై ఏళ్లు ముందుగానే తెలుసుకోవచ్చు. కానీ ఎవరూ అడగరు, మేమూ చెప్పం. చివరికి పొట్టలో నీరు చేరి, కళ్లు పచ్చబడి, భుజాల ఎముకలు పైకి తేలాక మనిషిని తీసుకొస్తారు. అప్పటికి మా దగ్గర మిగిలేది నొప్పి తగ్గించే మందు, కొడుకుని పక్కకి పిలిచి చెప్పాల్సిన నాలుగు మాటలు.

ఈ సభకు సుబ్బారావు గారి పేరు ఉండటం ఈ విషయానికి బాగా అమరింది. ఆయన జీవితంలో కాలేయానికి చాలా చోటుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆ మనిషి, ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు సోదరుల్ని స్ప్రూ అనే జబ్బుకు పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి క్షీణించే జబ్బది. ఆయనకూ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉన్నప్పుడు కాలేయం నుంచి తీసిన సారంలో రక్తహీనతను నయం చేసే పదార్థం ఏదో ఉందని దాని కోసం ఏళ్ల తరబడి వెతికారు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు ఆ విధంగా ఆయన చేతి మీదుగానే వచ్చింది.

అదే ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని జరగకుండా అడ్డుపడే అణువుల్ని కూడా ఆ బృందమే తయారుచేసింది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అవే. 1947 డిసెంబరు చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియాతో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లల్లో వచ్చే ఆ రక్త క్యాన్సర్ మందుతో కొన్నాళ్లయినా వెనక్కి తగ్గగలదని లోకానికి మొదటిసారి తెలిసింది. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు. ఆయనకు 53 ఏళ్లు.

ఆ తోవలో వచ్చిన మందులు ఎన్నో క్యాన్సర్లను లొంగదీశాయి. కాలేయ క్యాన్సర్ మాత్రం వాటికి సరిగా లొంగలేదు. దానికి కారణాలున్నాయి. ఈ క్యాన్సర్ చాలావరకు ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో పుట్టదు. ఏళ్ల తరబడి వాచి, మచ్చలు కట్టి, గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటాం. ఒంట్లోకి వెళ్లిన మందుల్లో చాలావాటిని విరిచి బయటికి పంపాల్సింది కాలేయమే. అదే చితికిపోయి ఉంటే, క్యాన్సర్‌ని చంపేటంత మోతాదు మందు మనిషి తట్టుకోలేడు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి మేం నెలల లెక్కన లివర్ పరీక్షలు రాస్తూ ఉంటాం, ఆ మందే కాలేయాన్ని దెబ్బ తీయవచ్చని. సుబ్బారావు గారి మందు లొంగదీయలేని క్యాన్సర్లలో ఇదొకటి.

మందుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే ఏదైనా కొత్త మందు వచ్చిందా డాక్టరుగారూ అన్న ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముందు ఎదురవుతుంది. 2007లో సోరాఫెనిబ్ అనే మాత్ర వచ్చింది. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో ఆయుష్షు పెంచినట్టు రుజువైన మొదటి మాత్ర అది. మన దేశంలో బేయర్ కంపెనీ దాన్ని నెలకు 2,80,000 రూపాయలకు పైగా ధరకి అమ్మేది. హైదరాబాద్ నాట్కో ఫార్మా తానే తయారుచేసి తక్కువ ధరకి ఇస్తానని దరఖాస్తు పెట్టుకుంది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ ఆ అనుమతి ఇచ్చారు. మన దేశంలో అలాంటి తప్పనిసరి లైసెన్సు అదే మొదటిది. ధర నెలకు 8,800 రూపాయలకు దిగింది. మన తెలుగు నేల మీద నుంచి జరిగిన ఆ పని చూసి నేను గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

అయితే ఆ మాత్ర ఇచ్చేదేమిటో కూడా మీకు తెలియాలి. అనుమతికి ఆధారమైన పెద్ద పరిశోధనలో, మాత్ర వేసుకోనివాళ్లు సగటున 7.9 నెలలు బతికితే, వేసుకున్నవాళ్లు 10.7 నెలలు బతికారు. తేడా మూడు నెలల లోపు. అది కూడా కాలేయం ఇంకా కాస్త బాగా పనిచేస్తున్నవాళ్లలో. ఆ తర్వాత ఇమ్యునోథెరపీ వచ్చింది. దానితో చేసిన ఒక పరిశోధనలో సగటు ఆయుష్షు 19 నెలల దాకా వెళ్లింది. మంచి మాటే. కొందరు చాలా ఏళ్లు బతుకుతున్నారు కూడా. కానీ ఆ సూదిమందుల ఖర్చు భరించగలిగేవాళ్లు ఈ కాలనీలో ఎందరున్నారో మీకే తెలుసు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెడతాను. కాలేయంలో గడ్డ రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు దొరికితే, చర్మం మీదుగా సూది దింపి వేడితో కాల్చేయవచ్చు. కాలేయం బాగుంటే ఆ ముక్క కోసి తీసేయవచ్చు. కాలేయం చెడి ఉంటే మార్పిడి చేయవచ్చు. ఇటలీలో మిలాన్ నగరపు సర్జన్ మజ్జఫెర్రో 1996లో ఒక గీత గీశారు. గడ్డ ఒక్కటే అయితే ఐదు సెంటీమీటర్ల లోపు, మూడు దాకా ఉంటే ఒక్కోటి మూడు సెంటీమీటర్ల లోపు. ఆ గీత లోపల ఉన్నవాళ్లకి మార్పిడి చేస్తే నాలుగేళ్ల తర్వాత నూటికి 75 మంది బతికున్నారు. ప్రపంచమంతా ఇవాళ్టికీ ఆ గీతనే ఆధారం చేసుకుంటోంది. ఒకే జబ్బు. ఒకచోట నెలల లెక్క, ఇంకోచోట ఏళ్ల లెక్క. మధ్యలో ఉన్న తేడా గడ్డ ఎంతున్నప్పుడు చూశామన్నదే.

మరి ముందే ఎందుకు తెలియదు? కాలేయం లోపలి కండకి నొప్పి తెలియదు. దాన్ని చుట్టుకున్న పలచని పొరకి తెలుస్తుంది. గడ్డ పెరిగి ఆ పొరని సాగదీసినప్పుడే కుడి పక్కటెముకల కింద బరువుగా అనిపిస్తుంది. పైగా కాలేయం సగానికి పైగా పాడైనా మిగిలిన భాగంతో ఇల్లు నెట్టుకొస్తుంది. మనిషి డ్యూటీకి వెళ్తూనే ఉంటాడు, పెళ్లిళ్లకి ఊరు వెళ్లొస్తూనే ఉంటాడు. మామూలుగా చేయించుకునే లివర్ ఫంక్షన్ టెస్టు కూడా మనల్ని మోసగించగలదు. సిర్రోసిస్ ఉన్నా, చిన్న గడ్డ ఉన్నా ఆ అంకెలు సరిగ్గానే కనబడవచ్చు. ఎల్ఎఫ్‌టీ నార్మల్ వచ్చిందండీ అని నిశ్చింతగా కూర్చున్నవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇక ఎవరికి వస్తుందన్న మాట. 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 8,66,000 మందికి కొత్తగా కాలేయ క్యాన్సర్ వచ్చింది, 7,58,000 మంది దానితో పోయారు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఇన్ని మరణాల వెనక ఉన్న కారణాల్లో పెద్దది హెపటైటిస్ బి అనే వైరస్. దాన్ని 1960లలో బరూచ్ బ్లంబర్గ్ పట్టుకున్నారు, 1976లో నోబెల్ అందుకున్నారు. ఆ వైరస్‌కీ క్యాన్సర్‌కీ ఉన్న బంధాన్ని తేల్చిన అధ్యయనం మాత్రం మనలాంటి నౌకరీ జనం మీద జరిగింది. తైవాన్‌లో బీస్లీ అనే శాస్త్రవేత్త 22,707 మంది మగ ప్రభుత్వోద్యోగుల రక్తం పరీక్షించి, వాళ్లని ఏళ్ల తరబడి కనిపెట్టి ఉన్నారు. వాళ్లలో 3,454 మంది ఒంట్లో వైరస్ ఉంది. 1981లో ఫలితం అచ్చయ్యేనాటికి కాలేయ క్యాన్సర్‌తో 41 మంది చనిపోయారు. ఆ 41 మందిలో 40 మంది ఈ 3,454 మందిలోవాళ్లే. వైరస్ లేనివాళ్లతో పోలిస్తే ముప్పు 223 రెట్లు. ఒక్క గొట్టం రక్తంతో, జబ్బు రాకముందే, ఎవరి మీద కన్నేసి ఉంచాలో ఇంత కచ్చితంగా చెప్పగలిగిన క్యాన్సర్లు వైద్యంలో అరుదు.

మన దేశంలో హెపటైటిస్ బి దీర్ఘకాలంగా ఉన్నవాళ్లు 2.98 కోట్ల మంది, హెపటైటిస్ సి ఉన్నవాళ్లు 55 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన అంచనా. వాళ్లలో చాలా ఎక్కువ మందికి తమకు అది ఉన్నట్టే తెలియదు.

ఒంట్లోకి ఎలా వచ్చిందని అడుగుతారు. తల్లి నుంచి, పుట్టే వేళ వచ్చినవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. పుట్టుకలో సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురి లోపే. మిగిలిన దారులు మీకు తెలిసినవే. ఒకప్పుడు ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు అదే గాజు సిరంజిని సరిగా మరగబెట్టకుండా మళ్లీ మళ్లీ వాడటం. మంగలి కత్తి. బజారులో, జాతరలో ఒకే సూదితో అందరికీ వేసే పచ్చబొట్లు, ఇక్కడివాళ్లు గోదనా అనేవి. ఎక్కించుకున్న రక్తం. హెపటైటిస్ సి కోసం రక్తనిధుల్లో ప్రతి సీసానీ పరీక్షించడం 2001లో తప్పనిసరి అయింది. అంతకుముందు కాన్పులోనో, ప్రమాదంలోనో, ఆపరేషన్‌లోనో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఈ సభలో ఉంటే, వాళ్లు పరీక్ష చేయించుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పదే పదే రక్తం ఎక్కించుకునే ఆ పిల్లల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా ఇది సోకదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. హెచ్‌బీఎస్ఏజీ అనే హెపటైటిస్ బి పరీక్షలో పాజిటివ్ అని తెలిసిన కోడలికి గ్లాసు వేరుగా పెట్టిన ఇల్లు నాకు తెలుసు. అలాంటి ఇళ్ల భయం వల్లే పరీక్షకి జనం రారు.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. పేరు చెప్పను. గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, ఈ సభలో ఉన్న చాలామంది తాతల్లాగే. ఆయన వయసులో ఉండగా ఎవరికో రక్తం ఇవ్వడానికి వెళ్లాడు. నీ రక్తం పనికిరాదు, ఇందులో వైరస్ ఉంది అన్నారు. కంగారుపడి ఒక డాక్టరుకి చూపించుకుంటే, నువ్వు క్యారియర్‌వి, ఏమీ కాదు, వెళ్లు అన్నాడట. ఆ కాగితాన్ని ఇంట్లో రేకు పెట్టెలో, సర్వీసు కాగితాలతో పాటు జాగ్రత్తగా దాచుకున్నాడు. పాతికేళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ కాగితం తెచ్చాడు. ఇది మీకేమైనా పనికొస్తుందా సార్ అన్నాడు. గడ్డ అప్పటికి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలోకి పాకిపోయింది. ఆయన తాగుడు ఎరగడు, తప్పు చేసిన మనిషి కాదు. మధ్యలో ఏ ఒక్క సంవత్సరంలో ఎవరైనా ఆ కాగితం చూసి పొట్ట స్కాన్ చేయించి ఉంటే, రోజుకొక మాత్ర రాసి ఉంటే, ఆయన చరిత్ర ఇంకోలా ఉండేది. ఆ ఇంట్లో మిగతావాళ్లని పిలిచి పరీక్షిస్తే తమ్ముడికీ ఉంది. తమ్ముడికి ఇంకా గడ్డ లేదు. ఆయన ఇప్పుడు ఆరు నెలలకోసారి వస్తున్నాడు.

ఆరు నెలలకోసారి అన్న ఈ మాట ఈ ఊరికి వివరించడం మిగతా ఊళ్లకన్నా సులువు. పట్టాల మీద లోపలి పగుళ్లు వెతికే యూఎస్‌ఎఫ్‌డీ ట్రాలీ నడిపే దృశ్యం ఇక్కడ అందరూ చూసిందే. పట్టా పైకి నున్నగా, మెరుస్తూ ఉంటుంది. లోపల వెంట్రుక మందం పగులు పుడుతుంది. కంటికి కనబడదు, సుత్తితో కొట్టినా తెలియదు. అందుకని మెగాహెర్ట్జ్ స్థాయి శబ్ద తరంగాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెర మీద చూస్తారు. పొట్ట మీద అల్ట్రాసౌండ్ కూడా ఇదే. అక్కడ తరంగం లోపలికి దిగడానికి పట్టా మీద నీళ్లు వదులుతారు, ఇక్కడ పొట్ట మీద జెల్ రాస్తారు. ఇంకో సంగతి ట్రాక్ మీద పనిచేసినవాళ్లు నాకన్నా బాగా చెబుతారు. అన్ని లైన్లకీ ఒకే గడువు ఉండదు. ఆ పట్టా మీదుగా ఎన్ని లక్షల టన్నులు వెళ్లాయన్న లెక్కతో గడువు నిర్ణయిస్తారు. కోర్బా బొగ్గు మోసే లైనుకి పరీక్ష తరచుగా, బళ్లు తక్కువ తిరిగే బ్రాంచి లైనుకి ఆలస్యంగా. పగులు దొరికాక రంగుతో గుర్తు పెట్టి, ఎన్నాళ్లలో మార్చాలో కూడా రాసిపెడతారు. ఇంత క్రమశిక్షణ ఇనుముకి ఉన్న ఊరు ఇది. కాలేయానికి కూడా అంతే కావాలంటున్నాను. అందరికీ వద్దు, బరువు మోసినవాళ్లకి.

ఎవరెవరంటే: ఏ కారణంగానైనా సిర్రోసిస్ వచ్చినవాళ్లందరూ. సిర్రోసిస్ లేకపోయినా హెపటైటిస్ బి ఉండి 40 దాటిన మగవాళ్లు, 50 దాటిన ఆడవాళ్లు. వైరస్ ఉండి, ఇంట్లో ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందునుంచే. ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, దానితో పాటు ఆల్ఫా ఫీటో ప్రోటీన్ అనే రక్తపరీక్ష. ఆరు నెలలే ఎందుకంటే, చిన్న గడ్డ రెట్టింపు కావడానికి చాలామందిలో పట్టే కాలం కొన్ని నెలలు. ఏడాది ఆగితే గీత దాటిపోవచ్చు.

ఇది పనిచేస్తుందా అంటే, షాంఘైలో చేసి చూశారు. వైరస్ ఉన్న, లేదా దీర్ఘకాలం హెపటైటిస్‌తో ఉన్న 18,816 మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి ఆరు నెలలకోసారి ఈ రెండు పరీక్షలూ చేశారు. ఆ గుంపులో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. ఫలితాలు 2004లో వచ్చాయి. నన్ను ఆకట్టుకున్నది ఆ శాతం ఒక్కటే కాదు. పిలిచిన పరీక్షలకి జనం వచ్చింది 58 శాతమే. సగానికి కాస్త పైగా వస్తేనే అంత మేలు జరిగింది.

ఈ పరీక్షకి లోపాలున్నాయి, అవి దాచకూడదు. లావుగా ఉన్న మనిషిలో, బాగా మచ్చలు కట్టిన కాలేయంలో చిన్న గడ్డ అల్ట్రాసౌండ్‌కి దొరక్కపోవచ్చు. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ పెరగని గడ్డలు కూడా చాలా ఉంటాయి. అందుకే రెండూ కలిపి చేస్తాం, అనుమానం వస్తే సీటీ లేదా ఎంఆర్ఐకి పంపుతాం. అక్కడ మాకు సాయపడేది ఒక విచిత్రం. మామూలు కాలేయానికి రక్తంలో నూటికి 75 వంతులు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తుంది, గడ్డకి మాత్రం దాదాపు అంతా ధమని నుంచే వస్తుంది. రంగు మందు ఎక్కించి వరసగా ఫొటోలు తీస్తే గడ్డ ముందు వెలిగి, తర్వాత చుట్టుపక్కల కన్నా ముందే ఆరిపోతుంది. సిర్రోసిస్ ఉన్న మనిషిలో ఈ తీరు స్పష్టంగా కనబడితే సూది గుచ్చి ముక్క తీయాల్సిన అవసరం కూడా చాలాసార్లు ఉండదు. ముప్పు లేనివాళ్లకి ఊరికే స్కాన్లు చేయిస్తే మాత్రం మేలు కన్నా భయం ఎక్కువ. ఏ హానీ లేని రక్తనాళపు గడ్డలు ఎందరి కాలేయంలోనో ఉంటాయి. వాటిని చూసి నిద్ర పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఫుల్ బాడీ ప్యాకేజీ అని పేపర్లో వచ్చే ప్రకటనలకి డబ్బు పోయకండి.

మన ప్రభుత్వం ముప్పై దాటినవాళ్లకి ఊరూరా చేయిస్తున్న క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. ఆ మూడూ తప్పకుండా చేయించుకోండి. కాలేయం ఆ జాబితాలో లేదు. దానికి వేరే తలుపు ఉంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో బి, సి పరీక్షలు, మందులు ఉచితం. సి వైరస్‌ని ఇప్పుడు చాలామందిలో పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా పోగొట్టవచ్చు. అమెరికాలో 84,000 డాలర్లకు అమ్మిన సోఫోస్‌బువిర్ చికిత్సని 2015లో నాట్కో ఇక్కడ 28 మాత్రల సీసా 19,900 రూపాయలకి తెచ్చింది. ఇప్పుడు అది ప్రభుత్వాసుపత్రిలో డబ్బు లేకుండా దొరుకుతోంది. బి వైరస్ పూర్తిగా పోదు. కానీ అవసరమైనవాళ్లకి రోజుకొక టెనోఫోవిర్ మాత్ర దాన్ని అణచి ఉంచుతుంది, క్యాన్సర్ ముప్పు తగ్గిస్తుంది. తగ్గిస్తుంది అన్నాను, తీసేస్తుంది అనలేదు. మాత్ర వేసుకుంటున్నవాళ్లు కూడా స్కాన్ మానకూడదు.

వైరస్ లేనివాళ్లలో ఈ క్యాన్సర్ పెరుగుతోంది, అది మన కళ్లముందే. షుగరు, పొట్ట, ఫ్యాటీ లివర్. వేళాపాళా లేని డ్యూటీలు, రన్నింగ్ రూమ్ తిండి, కూర్చుని చేసే పని. సారా, ఇప్పసారా, బాటిల్ ఏదైతేనేం, సంవత్సరాల తరబడి తాగుడు. షుగరు ఉన్నవాళ్లు తాగితే రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఫ్యాటీ లివర్ అని రిపోర్టులో చూసి అందరికీ ఉండేదే కదా అని నవ్వేస్తాం. వాళ్లలో ఎవరికి మచ్చలు కడుతున్నాయో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. వయసు, ప్లేట్‌లెట్లు, రెండు లివర్ ఎంజైములు, ఈ నాలుగు అంకెలతో ఫిబ్-4 అని ఒక లెక్క వేస్తాం. ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్షల్లోనే ఆ అంకెలుంటాయి. మీ డాక్టరుని ఆ లెక్క వేయమని అడగండి. ప్లేట్‌లెట్లు ఏడాదికేడాది తగ్గుతున్నాయంటే దాన్ని వదిలేయకండి.

బూజు పట్టిన గింజల మాట కూడా ఒకటి. వేరుశనగ, మొక్కజొన్న తడిగా నిలవ చేస్తే పట్టే ఒక రకం బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో అలాంటి మొక్కజొన్న తిని 106 మంది కామెర్లతో చనిపోయారు. కారణం తేల్చింది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే అది క్యాన్సర్ తెస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో మరీ. బూజు గింజని ఏరి, మిగతాది వేయించి తినేయడం మన ఇళ్లలో అలవాటు. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. పారేయండి.

కామెర్లు వస్తే పసరు పోయించుకోవడం, చేతికి వాతలు పెట్టించుకోవడం శ్రీకాకుళం వైపు నుంచి మనతో పాటు వచ్చింది. ఇక్కడికొస్తే కామెర్లకి మంత్రం వేసే పీలియా ఝాడించేవాళ్లు దొరికారు. చాలా కామెర్లు హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చి వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి, పేరు పసరుకి దక్కుతుంది. నాకు వాళ్లతో తగాదా లేదు. నేను అడిగేది, ఆ మంత్రం దగ్గరికి వెళ్లే ముందో తర్వాతో ఒక్కసారి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించమని. పెద్దవయసులో మొదటిసారి వచ్చిన కామెర్లు అయితే ముందుగా ఆసుపత్రికే రమ్మని.

చివరిగా పిల్లల సంగతి. కె. ఐ. వరప్రసాద్ రెడ్డి గారు డాక్టరు కాదు, శాస్త్రవేత్త కాదు, ఇంజనీరు. దిగుమతి చేసుకునే హెపటైటిస్ బి టీకా ధర వందల్లో ఉన్న రోజుల్లో, తల్లి శాంతమ్మ గారి పేరుతో 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. తొలినాళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో చోటు తీసుకుని పనిచేశారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి బయటికి వచ్చింది, డోసు 50 రూపాయలు. ఆ పోటీతో మిగతావాళ్ల ధరలు కూడా దిగాయి. దేశమంతటా పిల్లల టీకాల కార్యక్రమంలోకి ఈ టీకా రావడానికి 2011, 2012 దాకా పట్టింది. టీకాతో క్యాన్సర్ ఆగుతుందా అన్నదానికి కూడా రుజువు తైవాన్ నుంచే వచ్చింది. అక్కడ 1984లో అప్పుడే పుట్టిన బిడ్డలకి టీకా వేయడం మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ అంతకుముందు లక్షకి 0.70 ఉండేది, తర్వాత 0.36కి పడిపోయింది. 1997లో, షాన్‌వాక్ వచ్చిన సంవత్సరమే, ఆ ఫలితం అచ్చయింది. క్యాన్సర్‌ని ఆపగలిగినట్టు రుజువైన మొదటి టీకా ఇదే. 

బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే మొదటి డోసు అన్నిటికన్నా ముఖ్యం. కాన్పు కోసం ఊరు వెళ్తున్న అమ్మాయిలు ఈ మాట అక్కడి నర్సుకి గుర్తుచేయండి. ఇక్కడ మన వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త మితానిన్ దీదీని అడిగినా ఎక్కడ, ఎప్పుడు వేస్తారో చెబుతుంది. 2002 నుంచి ఛత్తీస్‌గఢ్ పల్లెల్ని, ఆ తర్వాత బస్తీల్ని మోస్తున్నది వాళ్లే. గర్భిణీకి ముందుగానే పరీక్ష చేసి వైరస్ ఉందని తెలిస్తే, బిడ్డకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. తల్లికి వైరస్ ఎక్కువగా ఉంటే గర్భంతో ఉండగానే మాత్ర మొదలుపెట్టాలి.

రిటైరైనవాళ్లు ఉమీద్ అనే వైద్య గుర్తింపు కార్డు పట్టుకుని రైల్వే ఆసుపత్రికి, మిగతావాళ్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. హెపటైటిస్ బి, సి పరీక్ష అని రెండు పేర్లూ చెప్పండి. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే భర్త, భార్య, అన్నదమ్ములు, పిల్లలు అందరూ వెళ్లాలి. పాజిటివ్ వస్తే ఆ కాగితం పెట్టెలో దాచకండి, కాలేయం చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, నాకు స్కాన్ ఎప్పుడు, మళ్లీ ఎప్పుడు అని అడిగి తేదీ రాయించుకోండి. నెగటివ్ వచ్చి టీకా వేయించుకోనివాళ్లు మూడు డోసులు వేయించుకోవాలి. ఇవాళ ఒకటి, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. ఆ మూడోదానికి మధ్యలో పండగ వస్తుంది, విశాఖ బండికి రిజర్వేషన్ దొరుకుతుంది, డ్యూటీ మారుతుంది. ఏది వచ్చినా మూడోది వేయించుకోండి.